వదిన పుస్తకం, రెండు యాంటీవైరస్‌లు

వదిన ఏడాదిగా రాస్తున్న పుస్తకం కంప్యూటర్‌లో కనిపించడం లేదు. సాయంత్రంలోగా అచ్చుకు పంపాలి. మరిది కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"వదినా, ఇందులో రెండు యాంటీవైరస్‌లు ఉన్నాయేంటి?"

"రెండోది నువ్వే పెట్టావు నాయనా, కాపలా గట్టిగా ఉంటుందని!"

"పాతది తీసేయడం మర్చిపోయాను. రెండూ కొట్టుకుంటుంటే కంప్యూటర్ నత్తనడక నడుస్తోంది."

"ముందు నా పుస్తకం సంగతి చూడు."

"కొత్తది దాన్ని వైరస్ అనుకుని పక్కన బంధించింది. ఇదిగో, విడిపించాను!"

"హమ్మయ్య! తెరువు, అంతా ఉందా?"

"ఉంది... 'అంకితం: నా కంప్యూటర్‌ని కంటికి రెప్పలా చూసుకునే మరిదికి.' వదినా! నాకా?"

"నిన్న రాశాలే. ఇప్పుడు మార్చాలి."

"ఏమని?"

"'ఇక ముట్టుకోనని ఒట్టేసిన మరిదికి' అని. ఏదీ, ఒట్టెయ్యి!"