వానను వెనక్కి తెచ్చిన మచ్చల మాస్టారు

వెయ్యితొమ్మిదివందల ఎనభయ్యో సంవత్సరం జూన్ నెల తొమ్మిదో తేదీ, సోమవారం. ఆ ఉదయం ఆకాశమంతా ఒకటే బూడిదరంగు పరుచుకుని, సూర్యుడు వెలిసిపోయిన వెండి బిళ్లలాగా, కన్నార్పకుండా చూడగలిగేటంత మసకగా ఉన్నాడు. మన సంస్థ పాత భవనం వెనక గుమ్మంలో ఇరవైరెండేళ్ల యువకుడొకరు నియామక పత్రం చేతపట్టుకుని, లోపలికి పోకుండా తల పైకెత్తి నిలబడి ఉన్నారు. అప్పట్లో సినిమా రీళ్ల విభాగాన్ని పాలించిన పెద్దాయన బయటికి వచ్చి, "ఏమయ్యా, వచ్చింది ఉద్యోగానికా, ఆకాశానికా?" అన్నారు.

"సూర్యుడి మీద చిన్న మచ్చ కనపడితేనూ చూస్తున్నానండీ. కదులుతోంది, పక్షి అనుకుంటా."

"బాగుంది. లోపలికి రా, నీకు కావలసినన్ని మచ్చలు చూపిస్తాను."

ఆ సాయంత్రానికల్లా ఆయనకు మచ్చలబ్బాయి అన్న పేరు స్థిరపడింది. కాలక్రమంలో అబ్బాయి పోయి మాస్టారు వచ్చింది గానీ మచ్చలు మాత్రం పోలేదు. ముప్పై ఎనిమిదేళ్ల నిరంతర సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మన మచ్చల మాస్టారిని గూర్చి నాలుగు మాటలు రాయడం మన విభాగానికి దక్కిన గౌరవం.

తొలి అయిదేళ్లూ ఆయన రీళ్ల గదిలో గడిపారు. తెల్లటి నూలు చేతితొడుగులు వేసుకుని, రెండు చక్రాల నడుమ ఫిల్మును మెల్లగా నడిపిస్తూ, అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తాకీ తాకనట్టు పోనిస్తూ, ఎక్కడ రంధ్రం చిరిగిందో, ఎక్కడ అతుకు విడిందో చూడకుండానే చెప్పగలిగే విద్యను ఆయన ఆ గదిలోనే అభ్యసించారు. చూడవలసినదాన్ని చూసే పద్ధతిని మాత్రం పెద్దాయనే నేర్పారు. బొమ్మను తనిఖీ చేసేటప్పుడు శబ్దం పూర్తిగా ఆపెయ్యాలి. "చెవి ఉత్త వాగుడుకాయ అబ్బాయ్. కన్ను చూడకముందే చెప్పేస్తుంది. కన్ను సరే అని ఊరుకుంటుంది" అనేవారాయన. మాటలు, పాటలు సరిచూడటం మరొకరి పని, మరొక గది. మాస్టారు ఈ నియమాన్ని శిరసావహించి, వేలకొలది చిత్రాలను మూగగానే చూశారు. ఇంట్లోనూ అదే వరస. "నన్ను మొట్టమొదట చూసిన రోజున గంటసేపు మాట్లాడాను. ఒక్క ముక్క వినలేదు మహానుభావుడు. ఎడమ చెంప మీద రెండు పుట్టుమచ్చలున్నాయని మాత్రం వాళ్ల అక్కతో చెప్పాడట" అని ఆయన శ్రీమతి ఈనాటికీ దెప్పుతూ ఉంటారు.

ఎనభైల నడుమ వీడియో క్యాసెట్ల కాలం వచ్చింది. ప్రజలు ఇళ్లలో కూర్చుని పాత చిత్రాలు చూడటం మొదలుపెట్టారు. ఆ వేడుకలో తాము చూస్తున్నది ఏమిటో ఎవరికీ పట్టలేదు. థియేటర్లలో వందలసార్లు తిరిగి గీతలు పడిన కాపీ నుంచి బొమ్మ తీసి, వెడల్పాటి తెర కోసం చిత్రించినదాన్ని నలుచదరపు టీవీలో ఇరికించడానికి రెండు పక్కలా నరికి, మన సంస్థ కూడా అమ్మిందన్న సత్యాన్ని ఇక్కడ దాచవలసిన పనిలేదు. మాస్టారు తమ తల్లిగారికి ఆ రోజుల్లో ఒక పాత కుటుంబ చిత్రం క్యాసెట్ తీసుకెళ్లి ఇచ్చారు. అన్నదమ్ములిద్దరు పెద్ద హాల్లో చెరో కొసనా కూర్చుని ఆస్తి గురించి వాదులాడుకునే ఘట్టం వచ్చింది. ఆమె కాసేపు చూసి, వంటింట్లోకి వినపడేలా కేకేశారు.

"ఒరేయ్, మాటలు వినపడుతున్నాయి, మనుషులు లేరు. సోఫా మాట్లాడుతోందేమిట్రా?"

"మనుషులు పక్కలకి పోయారమ్మా."

"పోతే పిలవరా. ఇంత సినిమా తీసుకొచ్చి ఇంట్లో పెట్టావు, సోఫా చూడటానికా?"

తల్లిగారి మాటను ఆయన పరిహాసంగా తీసుకోలేదు. మర్నాడే పై అధికారులకు విన్నపం రాశారు. అటువంటి విన్నపాలు ఆయన పదకొండు సంవత్సరాలలో పంతొమ్మిది రాశారనీ, ఇరవయ్యోదానికి గానీ వెడల్పు బొమ్మను వెడల్పుగా ఇచ్చే అనుమతి రాలేదనీ మన దస్త్రాలు చెబుతున్నాయి. ఇన్నేళ్లలో ఆయన గొంతు పెంచడం ఎవరూ వినలేదు. విన్నపం రాసి, కింద సంతకం పెట్టి, వచ్చి తన కుర్చీలో కూర్చునేవారు.

డిస్కులు వచ్చాక అరిష్టం మరో రూపంలో వచ్చింది. ఇప్పుడు బొమ్మ మరీ శుభ్రమైపోయింది. ఫిల్ము సహజ లక్షణమైన సన్నటి రవ్వలాంటి చుక్కలను మురికి అనుకుని తుడిచేస్తే, నటీమణుల ముఖాలు మైనపు ముద్దలయ్యాయి. చీకటి ఘట్టాలకు వెలుగు పెంచితే, తలుపు వెనక నక్కిన దొంగ వీధిలో వాళ్లకు కూడా కనిపించాడు. "ముసలావిడ ముఖం మీద ముడతలు తీసేస్తే ఆవిడ ఏళ్లన్నీ ఎక్కడికి పోవాలండీ?" అని మాస్టారు ఒక సమావేశంలో అడిగారు. ఆయన తర్ఫీదులో ఎదిగిన పద్నాలుగు మంది ఇవాళ ఈ వృత్తిలో ఉన్నారు. వాళ్లలో ఎవరూ మైనపు ముఖాన్ని సంతకం పెట్టి పంపరు. ఇందుకు మనమే కాదు, ఎక్కడో తమ ఇంట్లో దీపం తగ్గించుకుని పాత చిత్రం చూసుకునే ప్రతి ప్రేక్షకుడూ తెలియకుండానే ఆయనకు రుణపడి ఉన్నాడు.

ఇంతటి మనిషి జీవితంలో ఒకేఒక్క తప్పు జరిగింది. అభినందన సంచికలో తప్పును ఎందుకు రాయాలని కొందరు సంశయించారు. రాయాల్సిందేనని మన మేనేజరుగారే అన్నారు. మాస్టారు కాదనలేదు.

గత నవంబరులో ఒక అరవై ఏళ్ల నాటి నలుపు తెలుపు చిత్రాన్ని మనం డిస్కుగా విడుదల చేశాం. దాని అసలు నెగటివు చెమ్మకు ముద్దకట్టి పోగా, లోకంలో మిగిలిన మంచి కాపీ ఒక్కటే. నిర్మాత కుటుంబం వద్ద ఉన్నదాన్ని కొద్ది మాసాల గడువు మీద అడిగి తెచ్చుకున్నాం. బొమ్మలను శుభ్రపరిచే యంత్రం పద్ధతి మనందరికీ తెలిసిందే, ఈ సంచిక చదివే మన ఇళ్లవాళ్ల కోసం చెబుతున్నాం: ముందు బొమ్మలోనూ, తర్వాతి బొమ్మలోనూ లేకుండా నడిమి బొమ్మలో మాత్రమే కనిపించేదాన్ని అది దుమ్ముగా లెక్కగట్టి తీసేస్తుంది. ఆ చిత్రంలో నాయికా నాయకులు జోరువానలో ఒకే గొడుగు కింద నాలుగు నిమిషాలు నడుస్తారు. వాన చినుకు కూడా ఒక్క బొమ్మలోనే ఉంటుంది. మరుసటి బొమ్మకు నేల మీద ఉంటుంది. కలుపు తీయమంటే యంత్రం పైరంతా పీకేసింది.

అది మాస్టారి కంట పడి ఉండవలసింది. కానీ ఆ వారం శబ్దం సరిచూసే ఆయన సెలవులో ఉన్నారు. విడుదల తేదీ దగ్గరపడింది. రెండు పనులూ ఒకే విడతలో అయిపోతాయి కదా అని, ముప్పై ఎనిమిదేళ్లలో మొదటిసారిగా, మాస్టారు శబ్దం పెట్టుకుని తనిఖీ చేశారు. గదినిండా వాన హోరు వినిపించింది. చెవి వాన అంది, కన్ను సరే అంది. ఆయన సంతకం పెట్టారు.

రెండు నెలల తర్వాత ఒక ఉత్తరం వచ్చింది. ఒక దర్జీ ఆవిడ రాసింది. కుట్టుపని చేసిన చెయ్యి కావడంతో అక్షరాలు టాకాలు వేసినట్టు సమానంగా ఉన్నాయి. తాను పుట్టు చెవిటినని, చిన్నతనంలో అక్కతో కలిసి థియేటర్లో ఆ చిత్రం చూశానని, తనకు మిగతా కథ మరిచిపోయినా ఆ వాన గుర్తుందని రాసి, చివర ఒక ప్రశ్న అడిగింది: "ఇందులో వాళ్లిద్దరూ చినుకు లేని వీధిలో గొడుగు వేసుకుని, ఊరికే ముఖాలు తుడుచుకుంటూ వెళుతున్నారు. నాకు గుర్తున్న వాన నేను ఊహించుకున్నదా?"

మాస్టారు శబ్దం ఆపి ఆ నాలుగు నిమిషాలు చూశారు. మళ్లీ చూశారు. మధ్యాహ్నం టీ తాగలేదు.

మర్నాడు ఆయన తప్పు తనదేనని రాసిన ఒక కాగితంతో మేనేజరుగారి గదిలోకి వెళ్లారు. అప్పటికి ఆయనకు రెండేళ్ల సర్వీసు పొడిగింపు దాదాపు ఖాయమై ఉంది. ఆ రెండేళ్లూ ఆయనకు ఎంత ముఖ్యమో అందరికీ తెలుసు. ఇల్లు, ఈ గది తప్ప ఆయనకు మరో లోకం లేదు.

"ఒక్క ఉత్తరమే కదా మాస్టారూ. ఇంకెవరూ పట్టుకోలేదు. వాన లేకపోతే కథ ఆగిపోయిందా?" అన్నారు మేనేజరుగారు.

"కథ ఆగలేదండీ. వాన ఆగిపోయింది."

"యంత్రం చేసిన పొరపాటని రాద్దాం."

"యంత్రం సంతకం పెట్టదు కదండీ."

"ఈ కాగితం ఫైల్లోకి వెళ్తే పొడిగింపు రాదు. పైవాళ్ల సంగతి మీకు తెలుసు. నేను ఆపలేను."

మాస్టారు కాగితాన్ని బల్ల మీద ముందుకు జరిపారు. "కాపీ వెనక్కి ఇచ్చెయ్యడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. అది పెళుసెక్కిపోయింది, ఇంకొక్కసారి మాత్రమే తిరుగుతుంది. మన దగ్గర మిగిలింది వాన తుడిచేసిన బొమ్మే, కాపీ వెళ్లిపోతే ఇక ఆ వాన ఎవరింట్లోనూ కురవదండీ. పొడిగింపు లేకపోతే నేను ఇంట్లో ఉంటాను. అంతే కదా."

మేనేజరుగారు కాగితం తీసుకున్నారు. తొమ్మిది రోజులూ ఇచ్చారు. దుకాణాల నుంచి పాత డిస్కులు తిరిగి తెప్పించే బాధ్యత తామే నెత్తిన వేసుకున్నారు. ఈ సందర్భంగా వారికి కూడా విభాగం కృతజ్ఞతలు తెలుపుకుంటోంది.

నాలుగు నిమిషాలంటే, సెకనుకు ఇరవైనాలుగు లెక్కన, అయిదువేల ఏడువందల అరవై బొమ్మలు. కాపీని ఆ ఒక్కసారీ తిప్పి బొమ్మలను కంప్యూటర్లోకి మళ్లీ దింపుకున్నాక, శుభ్రపరిచే యంత్రాన్ని పక్కనపెట్టి, మాస్టారు, యంత్రం నడిపే మన చెల్లెమ్మ కలిసి ఒక్కొక్క బొమ్మనూ చేత్తో శుభ్రం చేశారు. మొదటిరోజు చెల్లెమ్మ తల పట్టుకుంది.

"ఏది దుమ్మో ఏది చినుకో ఎలా తెలుస్తుంది బాబాయ్? అన్నీ తెల్ల గీతలే!"

"చినుకులన్నీ గాలి తోసిన వైపుకే పోతాయమ్మా. దుమ్ముకు ఆ మర్యాద లేదు. ఎదురు తిరిగినదాన్ని తీసెయ్."

"మరి అనుమానంగా ఉంటే?"

"వదిలెయ్. మచ్చ ఉన్నా ఫరవాలేదు. చినుకు పోకూడదు."

జీవితమంతా మచ్చలు వెతికిన మనిషి నోట ఆ మాట విని చెల్లెమ్మ కుర్చీ తిప్పి మరీ చూసిందట. ఎనిమిదో రోజు మధ్యాహ్నానికి పని పూర్తయింది. తొమ్మిదో రోజున కాపీ క్షేమంగా యజమానుల ఇంటికి చేరింది. పొడిగింపు మాత్రం రాలేదు. ఈ నెలాఖరున మనం ఆయనను సాగనంపుతున్నది అందువల్లనే.

మాస్టారూ, మీ వద్ద పని నేర్చుకోవడం మా భాగ్యం. మీ చూపు చెదరకుండా, మీ నడక తడబడకుండా, శ్రీమతిగారి మాటలు ఇకనైనా శబ్దంతో సహా వింటూ, మీరు దీర్ఘకాలం ఆరోగ్యంతో, నిండు మనసుతో వర్ధిల్లాలని మీ సహచరులందరం కోరుకుంటున్నాం.

ఆ డిస్కు చేరిన చోటు సంగతి చెప్పి ముగిస్తాం. దాన్ని టపాలో పంపడానికి మాస్టారికి మనసొప్పలేదు. ఒక ఆదివారం చెల్లెమ్మను వెంటబెట్టుకుని ఆయనే వెళ్లారు. అది కిటికీ పక్కన కుట్టుమిషను ఉన్న చిన్న ఇల్లు, మూడో అంతస్తు. దర్జీ ఆవిడా, చేతి సైగలను మాటలుగా మార్చి చెప్పే ఆమె అక్కా వాళ్లను కూర్చోబెట్టారు. డిస్కు పెట్టగానే మాస్టారు అడిగి మరీ టీవీ శబ్దం తీసేయించారు. ఆ గదిలో నలుగురూ ఒకేలా చూశారు.

తెర మీద వాన కురిసింది. దర్జీ ఆవిడ ముందుకు వంగి చూసింది, కదల్లేదు. నాలుగు నిమిషాలయ్యాక చేతులు చకచకా కదిలాయి.

"గొడుగుకి ఒక మూల కుట్టు ఊడిపోయి ఉంది చూశారా, అక్కడి నుంచే నీళ్లు ఆవిడ భుజం మీద పడుతున్నాయి. అది చూసే నేను కుట్టుపని నేర్చుకుంటానని పేచీ పెట్టానంటోంది" అంది అక్క. "నిజమే, పెట్టింది. చంపుకు తింది నన్ను."

చేతులు మళ్లీ కదిలాయి. అక్క కాస్త మొహమాటపడింది.

"చెప్పండమ్మా" అన్నారు మాస్టారు.

"కుడివైపు పైన, దీపస్తంభం పక్కన, ఒక మచ్చ వదిలేశారంటోంది."

చెల్లెమ్మ వెనక్కి తిప్పింది. మాస్టారు కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, తెరకు జానెడు దూరంలో నిలబడి చూశారు. మచ్చ ఉంది. ఆయన తిరిగి ఆవిడకు రెండు చేతులూ జోడించి, ముప్పై ఎనిమిదేళ్లలో మనమెవరమూ చూడనంత పెద్దగా నవ్వారు.

అన్నం తిని వెళ్లమని అక్క పట్టుబట్టింది. నేల మీద చాప పరిచి నాలుగు కంచాలు పెట్టారు. అన్నం, పప్పు, వేయించిన కూర, పెరుగు. దర్జీ ఆవిడకు మాట చేతుల్లో ఉంది. చేతులు కంచంలో ఉన్నాయి. ఆమె మాట్లాడలేని సమయంలో తాము మాట్లాడటం మర్యాద కాదనిపించి, మొదట మాస్టారు, ఆయనను చూసి చెల్లెమ్మ, అలవాటు కొద్దీ అక్క, ముగ్గురూ ఊరుకున్నారు. ఎవరికి ఏం కావాలో చూసి తెలుసుకుని వడ్డించుకున్నారు. కంచాలు ఖాళీ అయ్యేదాకా ఆ నలుగురిలో ఎవరూ ఒక్క మాటా మాట్లాడలేదు.