మూడు రెక్కల పలక

(లక్సెట్టిపేటకు కొంత దూరంలో, గోదావరి పొంగి పొలాలను ముంచిన ఒక మధ్యాహ్నం. ఎనభైల చివరి రోజులు. కరుణాకర్‌రావు ఇంటి వరండాలో తెరచాప కట్టి నడిపే పొడవాటి పలక ఒకటి బోర్లా పడి ఉంది. దాని మీద వంగి ఇద్దరు తండ్రులున్నారు. లోపల కరుణాకర్‌రావు భార్య జానకి ఉంది. కరుణాకర్‌రావు కూతురు దేవకి, దేవసహాయం కొడుకు అహరోను పెద్దలను కాదని పెళ్లి చేసుకున్నారు. వాళ్లు కాపురముండే మోటరు గది మిద్దె ఒక్కటే నీళ్లకు అవతల పైకి కనిపిస్తోంది.)

“పడవ ఉన్నదా అంటే కొట్టుకపోయిందంటరు. సర్కారు పడవ ఎప్పుడొస్తది అంటే రేపంటరు. ఉన్న ఒక్క పలకను పొద్దుగాల విరగ్గొట్టుకొచ్చినవ్. ఇప్పుడు బోర్లేసి దాని కడుపు కోస్తున్నవ్. ఏం చేస్తున్నవ్ దేవసహాయం?”

“విరిగింది పలక కాదు, రావుసాబ్. కింద రెక్క. మూరెడు పొడుగుండె. మీ పత్తిచేను మీదికెల్లి పోతుంటే మునిగిన కట్టెలల్ల చిక్కి పటుక్కున విరిగింది.”

“అంటే మా చేనుదే తప్పు.”

“నేనట్ల అన్ననా? జర గా కొస పట్టుకోండ్రి. కదలద్దు.”

“రెక్క లేకుంట పోరాదా? తేలుతది గద.”

“తేలుతది. చాప గాలి పట్టంగనే పక్కకు జారుతది. జారి జారి నడి గోదాట్ల పడ్తది. కింద రెక్క నీళ్లను పట్టుకుంటెనే పలక ముందుకు పోతది.”

“గసొంటిదే ఇంకోటి చెయ్ మరి.”

“చేస్తే మల్ల గదే చేను, గవే కట్టెలు. అందుకే ఒక్క పొడుగుదాని జాగల మూడు పొట్టియి పెడ్త. నడుమ ఒకటి, అటొకటి, ఇటొకటి. కట్టెలకు అందయి, నీళ్లను ఇడువయి.”

“ఇంతకుముందు చేసినవా?”

“పట్నంల సాబుల పడవల క్లబ్బుల కావలి ఉన్న గద. గాళ్లు పారేస్తుంటెనే గీ పలక తెచ్చుకున్న. మూడు రెక్కలయి వస్తుండె ఒకటో రెండో. చూసిన.”

“చూసినవా, చేసినవా?”

“చూసిన.”

“అయ్యో భగవంతుడా! గీ పలక మీదనే గదా నీ కొడుకు రంగుల చాప పట్టుకొని గోదాట్ల తిరిగింది. నా బిడ్డ ఒడ్డున నిలబడి చూసింది. గాడనే మొదలైంది నా నాశనం.”

“మీ నాశనం సంగతి రేపు మాట్లాడుకుందాం. ఇప్పుడు కట్టె కావాలె. పలుచటిది, ఎండినది, టేకుది.”

“తలుపు కొయ్.”

“గింత మందం తలుపును చెక్కుకుంట కూసుంటే పొద్దుగూకుతది.”

“పొయిల కట్టె?”

“ఏప కట్టె. అది గూడ తడిసింది.”

“మరి నా ఇంట్ల ఇంకేమున్నదయ్యా? ఇల్లంత వానకు ఉరుస్తున్నది!”

“ఇగో, గిది పనికొస్తదా చూడు, అన్నా.”

“జానకీ! దేవుని పీట ఎందుకు తెచ్చినవ్?”

“టేకే గద. దేవుని గూట్లె ఉన్నది కాబట్టి చుక్క నీళ్లు తగులలే.”

“నైవేద్యం పెట్టే పీట అది.”

“బాసరల దేవకికి అక్షరాభ్యాసం చేసిననాడు గాడికి తీసుకపోయి దీని మీదనే కూసోబెట్టినం. బియ్యంల రాయుమంటె చెయ్యి గుంజుకున్నది. నువ్వు బలిమికి వేలు పట్టి రాయించినవ్. యాదికున్నదా?”

“ఉన్నది. అందుకే వద్దంటున్న.”

“అందుకే తెచ్చిన.”

“దేవుండ్లను ఏడ పెట్టినవ్ మరి?”

“తెల్లబట్ట పరిచి, నేల మీద.”

“దేవుడు నేల మీద కూసుంటడా, జానకీ?”

“కూసుంటడు. నేల ఆయనదే గద. నీళ్లు గూడ ఆయనవే అంటరు. గదే ఇయ్యాల నాకు సమజైతలేదు.”

“పీటైతే మంచిగనే ఉన్నది, చెల్లె. కానీ నేను కొయ్య. రేపు ఏమన్న అయితే, కిరస్తానపోడు దేవుని పీటకు రంపం పెట్టిండు, అందుకే అయిందంటరు.”

“ఎవలంటరు, అన్నా?”

“ఎవలో ఎందుకు, రావుసాబే అంటడు.”

“అనను. ఇటియ్యి రంపం. మొదటి కోత నేను కోస్త. మిగిలింది నువ్వు కొయ్. సరేనా?”

“సరే. గిక్కడికెల్లి కొయ్యండ్రి. మెల్లగ. రంపం గీత దాటనియ్యద్దు.”

“మొదటి కోత అయింది.”

“అయింది. ఇంక ఇటియ్యండ్రి. చెల్లె, వత్తుల దారం ఉంటే కొంచెం తే. కుంపట్ల బొగ్గులు రాజేసి తే.”

“దారమెందుకు?”

“పలక ముక్కు కాడికెల్లి తోక దాక గుంజితే నడిమి గీత తెలుస్తది. పక్క రెక్కలు రెండు గా గీతకు సమానం దూరముండాలె. వాటి ముందటి అంచు జర లోపటి దిక్కు చూడాలె. ఒకటి అటు, ఒకటి ఇటు చూస్తే పలక గానుగెద్దు తీరు గుండ్రం తిరుగుతది.”

“నీ ఏసు ప్రభువు నీళ్ల మీద నడిచిండంటవు గద. ఆయన ఏ రెక్కలు పెట్టుకున్నడు?”

“ఆయన నడిచిండు. ఆయన ఎనుక నడువబోయిన శిష్యుడు మునిగిండు. నేను గా మునిగినోని తీరు మనిషిని, రావుసాబ్. అందుకే రెక్కలు.”

“ఊకె అన్న. పట్టించుకోకు.”

“పట్టించుకోలే. గాడిల రెక్కను సాపుగ పట్టుకోండ్రి, మొల దించుతున్న... ఆఁ! పోయింది.”

“ఏంది? ఏం పోయింది?”

“మూడోది పగిలింది. నడిమికి.”

“పగిలిందా! ఇగ పీట ఏడున్నది? ఇంకో పీట లేదు నా ఇంట్ల! రెండిటితోని పోరాదా?”

“ఒర్రకండ్రి. పీట కాళ్లున్నయి గద. పొట్టిగున్నయి, ఉండనీ. నడిమిదే గద, పొట్టిగుంటే ఏం కాదు.”

“నిజంగ ఏం కాదా, నా కోసం అంటున్నవా?”

“తెల్వదు. ఇంకేం చేస్తం చెప్పండ్రి?”

“దేవసహాయం, నా కండ్లకు పొర వచ్చింది. మిద్దె నల్లగ కనవడ్తుంది, మనుషులు ఆనుతలేరు. నువ్వు పొద్దుగాల సగం దూరం పోయినవ్ గద. ఎట్లున్నరు?”

“ఎర్ర కొంగు ఊపుతుండె.”

“వాడు?”

“ఎర్ర కొంగు ఊపుతుండె అన్న గద. మీ పాత ధోతి తడువనిది ఉంటే చింపియ్యండ్రి. జిగురుల ముంచి రెక్కల మొదట్ల చుట్టాలె.”

“ఇగో. నానబెట్టాల్నా మరి?”

“నానబెట్టండ్రి. ఇందాక కలిపిన జిగురు గట్టిపడతనే లేదు. గాలి నిండ చెమ్మ. డబ్బల ఉన్న గట్టిపడే మందంత పోసిన, ఇంక చుక్క లేదు.”

“గట్టిపడకుంటే?”

“నీళ్లల్ల ఊడిపోతయి.”

“అన్నా, కుంపటి తెచ్చిన. అన్నా, నేను మన బంగ్ల పైకెక్కి చూసిన.”

“చూస్తే చూసినవ్ తియ్యి, చెల్లె. కుంపటి గిటు పెట్టు. మరీ దగ్గరికి వద్దు, పలక లోపట నురుగు తీరుగది ఉంటది, కరుగుతది.”

“అన్నా, మరి నువ్వు ఎట్ల...”

“విసురు, చెల్లె. జిగురు ఆరాలె. ఇంకేం మాట్లాడకు.”

“ఏంది జానకీ? ఏం చూసినవ్?”

“నీళ్లు. మిద్దె అంచు దాక వచ్చినయ్.”

“గంత దాకనా? గందుకా ఏడుస్తున్నవ్?”

“అది ఒట్టి మనిషి కాదు. ఏడో నెల.”

“దేవకా? నాకెందుకు చెప్పలే?”

“ఎట్ల చెప్తుంటిని? దాని పేరెత్తితే కంచం కాడికెల్లి లేస్తుంటివి. ఇంట్ల రెండు అర్రలు తాళమేసి ఉన్నయి, నా బిడ్డ మోటరు పక్కన పండుకుంటుండె.”

“ఇప్పుడెందుకు చెల్లె, గవన్ని? రావుసాబ్, మీరు గూడ విసరండ్రి. చాట అందుకోండ్రి.”

“విసురుతున్న. దేవసహాయం, పలక మీద నువ్వు గాక ఇంకెందరు పడ్తరు?”

“ఒక్కరు.”

“అయితే మొదలు దేవకిని తెస్తవ్.”

“ఆమెనే తెస్త.”

“మల్ల పోవాలె గద. గాలి ఉంటదా అందాక?”

“పడమటి గాలి. పోయేటప్పుడు పక్కకెల్లి కొడ్తది, వచ్చేటప్పుడు గూడ పక్కకెల్లే. పొద్దు గూకంగనే పడిపోతది.”

“మరి వాణ్ని రాత్రంత గా నీళ్లల్ల ఒక్కణ్ని ఉంచుతవా? నీకు బుగులు లేదా? నువ్వేం తండ్రివయ్యా!”

“ఒక మాటు పోనియ్యండ్రి ముందు.”

“మొదలు నీ కొడుకును తెచ్చుకుందామని ఉండదా నీకు?”

“రావుసాబ్, మీకు దండం పెడ్త. విసరండ్రి.”

“విసురుతున్నయ్యా. విను. అహరోనును ఇంట్లకే తీసుకరా. ఒడ్డు కాడ దించి, మా ఇంటికి పోతం అనద్దు. నేనే రమ్మన్నని చెప్పు. జానకీ, ఒక అర్ర తాళం తియ్యి. మంచం వేయి, పొడి బట్టలు పెట్టు. నా అంగి వానికి పడ్తదా? వాడు పొడుగు మనిషి గద. జానకీ, నిన్నే. ఎందుకు నిలవడ్డవ్?”

“పోతున్న. తాళం తీస్త.”

“దేవసహాయం, ఆ రెక్కలనే చూస్తున్నవేంది? నేను వాని పేరు పిలుసుడు ఇదే మొదలు. వింటున్నవా?”

“విన్న.”

“సంతోషం లేదా?”

“గోరు గుచ్చి చూడండ్రి. దిగుతుందా?”

“కొంచెం దిగుతుంది. మెత్తగనే ఉన్నది.”

“ఇగ ఆగుడు వద్దు. గాలి తగ్గుతున్నది. పలక తిప్పండ్రి, రెక్కలు నేలకు తగులనియ్యద్దు. మెల్లగ... ఆఁ, నీళ్లల్లకు. స్తంభం గుచ్చిన. చాప ఇటియ్యండ్రి.”

“జిగురు మొత్తం ఆరలే గద, ఆగుతదంటవా?”

“ఒక్కసారి పోయి వచ్చేదాక ఆగితే చాలు.”

“రెండోసారికి మరి? ఇంకో పీట లేదంటిని గద. తలుపే చెక్కుకుంట కూసుంట నేను, నువ్వు వచ్చేవరకు తయారు చేస్త...”

“తలుపు చెక్కకండ్రి. రెండోసారి పోయే పని లేదు.”

“ఏమంటున్నవ్? నీ కొడుకు...”

“పొద్దుగాల్నే దేవకి మిద్దె మీదికెల్లి కేకేసి చెప్పింది. అహరోను రాత్రే కొట్టుకపోయిండట.”

“దేవసహాయం...”

“ఇప్పుడు నన్నేం అడుగకు, నా చేతులు చాప పట్టయి. మన బిడ్డ గాడ ఒక్కతే కూసున్నది. నెట్టు, బావా. జర గట్టిగ నెట్టు.”