ఎవరెస్టుకు కంప కొట్టిన వరదయ్య

కార్వేటినగరం పోయే రోడ్డు మలుపులో మురుగేష్ టీ అంగడి. ఆ బల్ల మీద వరదయ్య కూర్చున్నాడంటే ఇక లేచే పని లేదు, ఆయన కోతలకు మొదలుంటుంది గానీ తుద ఉండదు. ఒకప్పుడు ఆ ఊరి వన సంరక్షణ సమితికి మొదటి అధ్యక్షుడు. సమితి మూలబడి ఏళ్ళయింది గానీ అధ్యక్షుడు మాత్రం ఇంకా గద్దె దిగలేదు.

ఎస్తేరు ఆ పూట వచ్చింది కోతలు వినడానికి కాదు. ఆయన చేత ఒక్క నిజం చెప్పించడానికి. అడివి ఆఫీసర్లు పన్నెండు గంటలకు పంచాయతీ ఆఫీసుకు వస్తున్నారు. కొత్త సమితి కడుతున్నారు. ఇన్నేళ్ళూ నల్లగుట్టకు కాపలా కాసిన ఇళ్ళవాళ్ళకే ఇకమీదట గుట్టలో చింతకాయ, సీతాఫలం, చీపురుపుల్ల కోసుకునే హక్కు. రాసి పెట్టిన జాబితాలో ఊరి బయటున్న ఎస్తేరు వాళ్ళ కాలనీ ఇల్లు ఒక్కటీ లేదు. మీరూ కాశారని పాత అధ్యక్షుడు వచ్చి చెబితే రాస్తాం, ఈ రోజు దాటితే మా చేతుల్లో లేదు అన్నారు. ఎస్తేరు పొయ్యి వెలిగేది ఆ గుట్ట ఇచ్చేదాంతోనే.

బల్ల మీద చోటున్నా ఆమెను కూర్చోమన్నవాళ్ళు లేరు. టీ కప్పు పట్టుకుని పందిరి గుంజకు ఆనుకుని నిలబడింది.

"సామీ, పన్నెండు కావస్తా ఉండాది. పోదామా?"

"ఉండు మ్మే. నేను లేకండా వాళ్ళు నోరు తెరుస్తారా?" అని వరదయ్య చిన్నబ్బ వైపు తిరిగాడు. చిన్నబ్బ చెరుకు రైతు, ఊఁ కొట్టడంలో దిట్ట. "యాడున్నాం? ఆఁ. మొదుట్లో మన గుట్టలో ఏముండాది? రాళ్ళూ ఉడుములూ. నేనేం సేసినా? రోజుకు రెండిళ్ళ లెక్కన కాపలాకి వంతులేసినా. గొడ్డలి పట్టుకోని ఎవుడు కనపడినా కేకేయాల. మూడేండ్లకు గుట్ట పచ్చబడిందా లేదా?"

"పచ్చబడింది మామా."

అంతవరకూ నిజమే కాబట్టి ఎస్తేరు కూడా తలూపింది.

"దాన్ని సూసేదానికి తెల్లదొరలొచ్చినారు. సూసి నోరెళ్ళబెట్టి, నన్ను నేపాలుకి రమ్మన్నారు. అడువుల్ని జనమే కాసుకునే దేశాలన్నీ ఒక జట్టు కట్టుండాయిలే, ముప్పై దేశాలు. వాళ్ళ మీటింగు. ఆ తర్వాత ఏమైందో తెల్సునా? మనిషికి ఐదు నిమిషాలన్నారు. నేను మైకు పట్టుకున్నా, మూడు గంటలు వదల్లే. అంతా తెలుగులోనే."

"వాళ్ళకేం అర్థమైంది మామా?"

"అర్థమయ్యేదెందుకురా, ఏడిసినారు! కెన్యా ఆయన వచ్చి నా కాళ్ళు పట్టుకున్నాడు. సామీ, మా అడివికీ వంతులేసి పో అని. మొగమాటానికి పోయినా. పోయి సూస్తే ఆడ మనుసులు తక్కువ, మృగాలు జాస్తి. కాపలాకి ఎవుర్ని పెట్టేది? సింహాన్నే పిలిపించినా. సోమవారం నీది, మంగళవారం ఏనుగుది, బుధవారం జిరాఫీది, అది మెడ సాపితే పది మైళ్ళు కనపడతాది అన్నా. అయితే ఆ సింహం ఒక సోమవారం ఎగ్గొట్టింది."

"అయ్యో. ఏం సేసినావు?"

"మూడు పొద్దులు జింకను ముట్టుకోకూడదన్నా. కిక్కురుమనలే."

"సింహానికి తెలుగొచ్చా అన్నా?" అన్నాడు పొయ్యి దగ్గర్నించి మురుగేష్.

"తెలుగెందుకురా, నేను కండ్లెర్రజేస్తే సాలదా? తిరిగొచ్చేటప్పుడు నేపాలోళ్ళు మళ్ళా అడ్డం పడినారు. ఎవరెస్టు మీద గడ్డిపోస మొలవడం లే అని ఒకటే ఏడుపు. ఎక్కి సూస్తే ఏముండాది? మేకలు! మేకలెక్కినాక ఏ కొండ బోడి కాదు? శ్రీకాళహస్తి నుంచి ఎనిమిది లారీల తుమ్మకంప తెప్పించి సుట్టూ కొట్టించినా. ఒక్క పక్క మాత్రం కంప సాల్లే. ఇప్పుడు మంచు కరిగిపోతా ఉండాదని పేపర్లో రాస్తారే, అది ఆ పక్కనే."

బల్ల బల్లంతా నవ్వింది. ఎస్తేరుకూ నవ్వొచ్చింది. కానీ అంతలోనే అడివి ఆఫీసర్ల జీపు దుమ్ము లేపుకుంటూ పంచాయతీ ఆఫీసు వైపు పోయింది.

"సామీ, వాళ్ళొచ్చేసినారు."

"రానీ మ్మే, కుర్చీలేసుకోవద్దా? అసలుది వినండి. ఆ మీటింగు ఆఖర్న ఒక తెల్లామె లేసి నన్ను ఒకటే అడిగింది. మీ కమ్యూనిటీ ఏది అని. వాళ్ళ ఇంగిలీసులో నాకు బాగా తెలిసిన మాట అదొకటే, తాసిల్దారాఫీసు కాగితాల్లో ఎన్నితూర్లు రాయలే! లేసి, రొమ్మిరిసి, గోడలదిరేటట్ట మా కులం పేరు సెప్పినా. ముప్పై దేశాలోళ్ళూ పుస్తకాల్లో ఎక్కించుకున్నారు. ఈ పొద్దు లోకంలో యాడికన్నా పో, అడువుల్ని కాసేదెవురంటే మా కులం పేరే సెప్తారు."

మురుగేష్ పగలబడి నవ్వాడు. ఆ కాలంలో అడివి పనికి ఊరికొచ్చిన స్వచ్ఛంద సంస్థవాళ్ళ మీటింగులకు టీలు మోసినవాడు, వాళ్ళ మాటలు చెవిన పడ్డాయి. "అన్నా, కమ్యూనిటీ అంటే సర్టిఫికెట్‌లో కులం. అడివి మీటింగులో కాదన్నా. ఆడ కమ్యూనిటీ అంటే ఊరంతా. గుట్టను కాసినోళ్ళందురూ అని."

చిన్నబ్బ పొట్ట పట్టుకుని నవ్వాడు. వరదయ్య మొహం కందగడ్డయింది. "ఏదో ఒకటిలేరా. సప్పట్లు కొట్టినారా లేదా?"

ఎస్తేరు మాత్రం నవ్వలేదు. వంతులు వేసిన మొదటి ఏడాది రోజుకు ఊళ్ళో ఒక ఇల్లు, కాలనీలో ఒక ఇల్లు. రెండో ఏడాదికి ఊరివాళ్ళు పొలం గట్టున నిలబడి, "ఈ పొద్దు మా వంతు కూడా మీరే కాసేయండ్రా" అని కేకేసేవాళ్ళు. మూడో ఏడాదికి ఆ కేక కూడా లేదు, అన్ని వంతులూ కాలనీవే. ఎండాకాలం గుట్టకు నిప్పంటుకుంటే ఆమె మొగుడు దయానంద్ పచ్చికొమ్మలతో కొట్టికొట్టి ఆర్పాడు. కాలిన పాదాలతో బతికినన్నాళ్ళూ కుంటుతూనే తిరిగాడు. దొరలొచ్చిన రోజు కాలనీవాళ్ళను చెరువు కట్ట కాడ కూర్చోబెట్టి, పిలుస్తామన్నారు. పిలవలేదు.

"సామీ, ముప్పై దేశాలోళ్ళకి అన్ని సెప్పినావే, మావోళ్ళు కాపలా కాసినారని ఒక్క మాట సెప్పినావా?"

నవ్వులు ఆగిపోయాయి. వరదయ్య భుజం మీది తుండుగుడ్డ సర్దుకున్నాడు. "ఆడ టైము యాడుండాది మ్మే..."

"మూడు గంటలు మాట్లాడితివి గదా సామీ."

ఆయన ఖాళీ కప్పు ఎత్తి తాగబోయాడు.

"వీళ్ళు ఊరికే నవ్వతా ఉండారు. నువ్వేం తప్పు సెప్పలే. నీ కమ్యూనిటీ ఏదని అడిగినారు, ఉన్నదే సెప్పినావు." ఆమె గుంజ వదిలి ఒక అడుగు ముందుకేసింది. "ఈ పొద్దు మళ్ళా అదే అడగతా ఉండారు. ఈతూరన్నా ఊరంతా అని సెప్పు సామీ. లేస్తావా?"

వరదయ్య బల్ల మీద వాళ్ళ మొహాలు చూశాడు. జాబితాలో పేర్లున్నవాళ్ళే అంతా. పేర్లు పెరిగితే పంచుకునే చేతులు పెరుగుతాయి. చిన్నబ్బ రోడ్డు వైపు చూస్తున్నాడు. ఒక్కరూ ఊఁ కొట్టలేదు.

"మోకాళ్ళు రావడంలే మ్మే," అన్నాడు వరదయ్య చివరికి, చిన్న గొంతుతో. "నువ్వు పో. పోయి నా పేరు సెప్పు. వరదయ్య పేరు సెప్తే సాలు, వాళ్ళే..."

"నీ పేరు ఆడ ఉండాది సామీ," అంది ఎస్తేరు. "మొదుటి పేరే నీది. లేనిది మావే."

కప్పు చెత్తబుట్టలో పడేసి, ఎండలోకి దిగి, పంచాయతీ ఆఫీసు వైపు ఒక్కతే నడిచింది.