కార్తీకం నూనె

అది కాదు వదినగారూ, ఒక్క మాట చెప్పకూడదా? "సుగుణా, అది దీపానికి కాదు, పిల్లకి" అని ఒక్కటంటే ఒక్క మాట!

ఫోన్లో చెప్పడానికి భయమేసిందంటారు. ఎవరైనా వింటారని. నిజమే, భయపడాల్సిన మాటే. మరి చెప్పడానికే భయపడే వస్తువుని పంపడమెందుకండీ?

కూర్చోండి. నేనేం అరవడం లేదు. ఈ ఇంట్లో నా గొంతు ఎప్పుడైనా లేచిందా? మీ తమ్ముడూ రిషితా కృష్ణుడి గుడికెళ్ళారు. శుక్రవారం కదా, జనం ఉంటారు, ఇంకాసేపు పడుతుంది. వాళ్ళొచ్చేలోపు ఈ మాటలు అయిపోవాలి. ఇదిగో, ఈ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ వినండి. చేతిలో పనుంటే నాకూ ఏడుపు రాదు.

నిన్న సాయంత్రం ఎయిర్‌పోర్టు నుంచి వచ్చి కాఫీ గ్లాసు పట్టుకున్నారో లేదో, అడిగారు. "నూనె పనిచేస్తోందా పిల్లకి?" అని. ఏ నూనె అన్నాను. మల్లేశం చేత పంపానే, ఆ సీసా అన్నారు గొంతు తగ్గించి. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను గుర్తుందా? పాలు పొంగి స్టవ్ అంతా పారుతున్నాయి. కట్టెయ్యాలని తోచలేదండీ నాకు.

ఇదిగో ఆ సీసా. పొద్దున్నే వేడినీళ్ళతో కడిగి బోర్లించాను. దీని మీద ఏముందో చూడండి. దీపారాధన నూనె. పక్కన లక్ష్మీదేవి బొమ్మ. కార్తీకం మొదలవడానికి ఇంక రెండు రోజులుందనగా చేతికొచ్చింది. నేనేం చేస్తానండీ?

వెలిగించాను.

నెలంతా వెలిగించాను. తెల్లారకముందే లేచి తలస్నానం చేసి, తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని. ఈ మస్కట్‌లో మనకి గోదారెక్కడిది? బాల్కనీలో ఇత్తడి పళ్ళెం పెట్టి నీళ్ళు పోసి, అరటిదొప్పలో దీపం పెట్టి వదిలేదాన్ని. ఆ దొప్పలు కూడా మల్లేశమే తెచ్చాడు, ఖురియాత్‌లో సైటు పక్క తోటలో అడిగి. మా రిషితకి ఫిట్స్ తగ్గించు స్వామీ అని దండం పెట్టుకుంటూ, దాని మందుని దాని పేరునే తగలేశాను. చుక్క మిగల్లేదు.

వాసన తెలియలేదా అంటారా? తెలిసింది. పచ్చి ఆకు నలిపినట్టు వచ్చింది. ఎక్కడో ఎరిగిన వాసన అనిపించింది కూడాను. వేసవిలో హైదరాబాదులో మీ ఇంట్లో ఉన్న ఆ మూడు వారాలూ దానికి రోజూ నాలుక కింద వేశాను కదా, అది నా మనసులో పిల్ల నోటి వాసన కిందే ఉండిపోయింది. మందు వాసన అని తట్టలేదు. అదీకాక అప్పుడది చిన్న గోధుమరంగు సీసా, చుక్కల గొట్టం. మీరు నాలుగు సీసాలు దీన్లో గుమ్మరించి, పైన నువ్వులనూనె కలిపి పంపితే నాకెలా తెలుస్తుంది?

పక్క ఫ్లాట్ షైస్తా ఒకరోజు తలుపు కొట్టింది. పాకిస్తాన్ అమ్మాయి, మంచిది. "ఏం ఆకు కాలుస్తున్నారు ఆంటీ, మెట్లదాకా వస్తోంది వాసన?" అని నవ్వుతూ అడిగింది. పూజ అన్నాను గర్వంగా. గంజాయి నూనెండీ! మస్కట్ నడిబొడ్డున, బాల్కనీలో పెట్టి, గంజాయి నూనె వెలిగించి, పూజ అన్నాను. ఆ అమ్మాయి స్థానంలో ఇంకొకరుంటే?

అబ్బే, ఆ మాట అనకూడదంటే ఎలా? నాలుగు గోడల మధ్యైనా అననివ్వండి. హైదరాబాదులో ఆ ఆయుర్వేదం డాక్టరుగారు దీన్నే విజయ అన్నారు. పేరు బాగుంది. చీటీ రాసిచ్చారు, కొట్టువాడు చీటీ చూసి, పుస్తకంలో రాసుకుని, సీసా చేతిలో పెట్టాడు. దొంగతనమా, దాపరికమా? ఇక్కడికొచ్చాక అల్ ఖువైర్‌లో మన డాక్టరమ్మకి ఆ చీటీయే చూపించాను. ఆవిడ లేచి వెళ్ళి గది తలుపు వేసి వచ్చింది. "అమ్మా, ఈ కాగితం నేను చూడలేదు, నువ్వు చూపించలేదు. ఈ దేశంలో ఇది మందు కాదు, జైలు" అంది. కోపంగా కాదు, మన మంచికే.

మీ తమ్ముడు ఆ రోజంతా ఫోన్లో ఏవో చదివారు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో రోగికి ఒక కార్డిస్తారట. కొట్టు పెట్టినవాడికి లైసెన్సట. రోగిని చూసుకునే మనిషికి ఇంకో కార్డట. దానికి ఫోటో, సంతకం, పోలీసు విచారణ, అన్నీ అయ్యాకే మందు తెచ్చే హక్కు ఇస్తారట. ఆయన చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. పధ్నాలుగేళ్ళుగా దాని పక్కన పడుకుంటున్నాను. అది కన్ను తేలేసే ముందు ఎడమ బొటనవేలు ముడుచుకుంటుంది, ఆ సంగతి డాక్టర్లకి కూడా తెలీదు. నాకు ఎవరిస్తారండీ కార్డు?

సరే, నా గోడు పక్కన పెట్టండి. మల్లేశం మాటేమిటి?

అతనికేం సంబంధం వదినగారూ ఇందులో? మీ తమ్ముడి సైటులో మేస్త్రీ. జగిత్యాల అవతల ఊరు. శుక్రవారం గుడికొచ్చి, ఇటొచ్చి భోంచేసి పోతాడు. రిషితని బిడ్డా అంటాడు. వాళ్ళమ్మ రాములవ్వ తుంటి విరిగిందని అర్జెంటు లీవు మీద పరిగెత్తాడు పాపం. తిరిగొచ్చేటప్పుడు మీ ఇంటికొచ్చి అడిగాడు, "సుగుణమ్మకేమన్న పంపుతరా" అని. మన వాళ్ళందరం చేసేదే కదా. ఎవరు ఊరెళ్తున్నా, ఒక ఊరగాయ సీసా, ఒక పొడి పొట్లం. ఏముందని ఎవరైనా విప్పి చూస్తారా? అమ్మ పంపిందంటే అమ్మ పంపినట్టే.

వచ్చిన శుక్రవారం అన్నం తింటూ చెప్పాడండీ, తమాషాగా. "బ్యాగు మొత్తం ఇప్పిండ్రమ్మా ఎయిర్‌పోర్ట్‌ల. సీసా వట్టుకొని క్యా హై అన్నడు పోలీసాయన. పూజా కా తేల్ సాబ్, దియా, భగవాన్, అని గిట్ల రెండు చేతులు జోడిచ్చిన. నవ్విండు. పో పో అన్నడు." అలా చేతులు జోడించి చూపించాడు, కుడిచేతికి పప్పన్నం అంటుకునే ఉంది. రిషిత పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ పోలీసాయన మూత తిప్పి వాసన చూసుంటే?

రాములవ్వకి ఎవరు చెప్పేవారు? ఏమని చెప్పేవారు? నీ కొడుకు గంజాయి మోశాడని చెప్తారు. అతను ఏళ్ళకేళ్ళు లోపల కూర్చుని అదే మాట అంటుండేవాడు, పూజా కా తేల్ సాబ్ అని. మనం వెళ్ళి చెప్పేవాళ్ళమా, ఆ సీసా మాదీ అని? నా కళ్ళలోకి చూసి చెప్పండి.

పోనీ, నిన్న మీరొచ్చారు కదా. మీరెందుకు తేలేదు?

బీపీ, భయం. ఆడమనిషిని, ఒంటరిగా. అవునవును. మీకు భయం ఉంది, మల్లేశానికి లేదు. ఎందుకు లేదంటే అతనికి తెలీదు కాబట్టి. ఎంత బాగా ఆలోచించారు!

తప్పు. పెద్దవారు, మిమ్మల్ని అలా అనకూడదు నేను. కానీ ఇదీ విని వదిలెయ్యండి. వేసవిలో మిమ్మల్నొకటి అడిగాను. ఒక్క ఏడాది నన్నూ రిషితనీ మీ ఇంట్లో ఉండనివ్వండి, అక్కడైతే మందు దొరుకుతుంది, దాక్కోనక్కర్లేదు అని. మీరేమన్నారు? మా అబ్బాయి వికాస్‌కి సంబంధాలు చూస్తున్నాం సుగుణా, వచ్చినవాళ్ళ ముందు పిల్ల పడిపోతే, మన రక్తంలో ఉందనుకోరా అన్నారు. వేరే ఇల్లు తీసుకోవాలంటే రెండు సంసారాలు. ఈయన కంపెనీలో సగం మందిని ఇప్పటికే ఇంటికి పంపేశారు. నేను బట్టలు సర్దుకుని వచ్చేశాను. అడిగానా మళ్ళీ?

రక్తంలో ఉందండీ. ఎందుకు లేదు? మీ పిన్ని భ్రమరాంబ ఎలా పోయింది?

ఉలిక్కిపడకండి. అత్తయ్యగారు పోయేముందు తన చెల్లెలి సంగతి నాకు చెప్పారు. కాలవలో బట్టలు జాడిస్తూ పడిపోయింది. మోకాలి లోతు నీళ్ళు. పక్కనున్నవాళ్ళు గాలి సోకిందని దూరం జరిగారు గానీ, మొహం పైకెత్తిన మనిషి లేదు. ఇరవై నిండలేదు ఆవిడకి. గోడమీద ఫోటో తీసేసి అటకెక్కించారు, ఇంటి ఆడపిల్లలకి పెళ్ళిళ్ళు కావని. ఆ ఫోటో నా దగ్గరుంది. మందిరం వెనకాల పెట్టుకున్నాను. కార్తీకంలో ఆవిడ పేరు చెప్పి కూడా ఒక వత్తి వెలిగించాను. అదే నూనెతో.

ఒకరోజు దీపం ముందే పడింది రిషిత. బొటనవేలు చూశాను, పరిగెత్తేలోపే పడిపోయింది. నుదురు కుందికి తగిలింది. నూనె ఒలికిపోయింది నేలంతా. కొట్టుకోవడం ఆగాక, తల ఒళ్ళో పెట్టుకుని, ఆ ఒలికిన నూనె చేత్తో తీసి మాడుకి రాశాను. దీపం నూనె కదా, స్వామి దయ అని. నోట్లో పడాల్సింది, మాడుకి రాశాను. చూశారా, ఎంత దగ్గరికొచ్చి పోయిందో?

మొన్న లిఫ్టు ముందు పడింది. ముందు పన్ను సగం విరిగింది. నిన్న మీతో నవ్వినప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంది, గమనించారా? హైదరాబాదులో ఆ ఆఖరి వారం ఒక్కసారి కూడా రాలేదండీ. ఒక్కసారి కూడా. మామిడిపళ్ళు తిని, మొహమంతా పూసుకుని, మీ మేడ మీద గెంతింది. ఆ వారం నేను చూడకపోయినా బాగుండేది.

ఏడవకండి. మీరు మంచికే పంపారు, నాకు తెలీదా? మమ్మల్ని వద్దన్న నాటినుంచీ మీకు నిద్ర పట్టి ఉండదు.

ఆ సీసా ఇలా ఇవ్వండి. లోపల తడి ఆరిందా? ఆరింది.

పారెయ్యడానికి ఎవరైనా ఇంత శుభ్రంగా కడుగుతారా వదినగారూ?

పొద్దున మీరు స్నానానికెళ్ళినప్పుడు మల్లేశానికి ఫోన్ చేశాను. నిజం చెప్పేద్దామనే చేశానండీ, ఆ కృష్ణుడి మీద ఒట్టు. నాయనా, తెలియక నీ మెడకి ఉరి తగిలించాం, ఇంకెప్పుడూ ఎవరి సీసా మొయ్యకు, మాదైనా సరే మొయ్యకు అని. మాటలన్నీ కూర్చుకున్నాను. అతను ఎత్తుతూనే, "అమ్మా, బిడ్డకెట్లుంది? పన్ను నొస్తున్నదా?" అన్నాడు.

అంతే. ఆ మాటలు ఎటు పోయాయో!

"మాఘంలో మీ చెల్లెలు శ్రీలత పెళ్ళికి వెళ్తున్నావు కదా మల్లేశం, తిరిగొచ్చేటప్పుడు మా వదినగారు దీపం నూనె ఇస్తారు. తెచ్చిపెడతావా?" అన్నాను. నా గొంతేనండీ. వణకనైనా లేదు.

"గింతేనా అమ్మా? దేవుని పనాయె. తెస్త" అన్నాడు.

మీరు తెలిసీ పంపారు, అతనికి చెప్పలేదు. నేనూ తెలిసే తెమ్మన్నాను, అతనికి చెప్పలేదు. ఇప్పుడు మీరూ నేనూ ఒకటే. కాదు, మీకంటే నేనే ఓ మెట్టు కింద. ఎయిర్‌పోర్టులో జోడించిన ఆ చేతులు, నా కంచంలో అన్నం తిన్న చేతులు, నేను చూశాను. మీరు చూడలేదు.

స్వామిని ఏమని అడుగుతానో తెలీదు ఇంక. దొరక్కుండా చూడమనా? దీపం ముందు కూర్చుని ఆ మాట ఎలా అడుగుతారండీ?

అదిగో, బెల్లు. మీ తమ్ముడి దగ్గర తాళముంది. మల్లేశమే అయ్యుంటాడు.

సీసా మీ పెట్టెలో, చీరల మధ్య పెట్టేసుకోండి. అదే సీసాలో పోసివ్వండి, అతనికి అలవాటైన సీసా. కళ్ళు తుడుచుకోండి ముందు.

వస్తున్నా మల్లేశం, వస్తున్నా నాయనా!

వదినగారూ, వడ్డించేటప్పుడు నెయ్యి దండిగా వెయ్యండి. వద్దమ్మా వద్దమ్మా అంటూ చెయ్యి అడ్డం పెడతాడు.

ఆ చేతివంక చూడకండి. వెయ్యండి.