ఫ్యాన్ విమానం సంబంధం

గా ఒక్క మాట అనకుండ్రి బావగారూ! పిలగాడు మంచోడే గని, నడిపేది ఫ్యాన్ విమానమా? సరే, సంబంధమే వద్దంటున్నరు గదా, బావగారు అనను. కామరాజుగారూ, కూసోండ్రి. చాయ్ చెప్పిన.

రాంగోపాల్‌పేట్ల నలభై ఏండ్ల సంది ఫ్యాన్ల వైండింగ్ చేస్తున్న. ఈ పర్వతాలు దుకాణం ఏదంటే ఎవ్వరన్న చూపిస్తరు. ఇప్పుడు జనాలకు మస్తు టైంపాస్. అయ్యకు ఫ్యానే, కొడుక్కు ఫ్యానే అని ఒకటే నవ్వుడు! మీరు సుత గదే అంటే ఎట్ల సార్?

జెట్ నడిపేటోడైతే పిల్లనిస్తుంటిమి అంటిరి. ఈడికెళ్లి మీ రాజమండ్రి ఎంత దూరం? విమానంల గంట. జెట్ గంత పైకెక్కి సదురుకునేలోపట్నే దిగుడు షురూ. ఫ్యూల్ అంత ఎక్కుడుకే ఖతం! మోండా మార్కెట్ల కొత్తిమీర కట్ట తేనీకి లారీ తీస్కపోతరా ఎవరన్న? మా పిలగాడు భానుప్రకాశ్ నడిపేదానికి ఖర్చు తక్కువ, రన్‌వే పొట్టిగున్నా చాలు, చిన్న ఊర్లల్ల సుత దిగుతది. లోపల ఇంజన్ జెట్ తీరుదేనట. ఫ్యాన్ రెక్కలు బయటికి కనబడుతయ్, గంతే!

ఏందీ? ఫ్యాన్ ఆగిపోతేనా? అరే, రెండున్నయ్ సార్! ఒకటి ఆగినా ఇంకోదాంతోని దించుతరు. కండెన్సర్ పోంగనే ఆగనీకి అది నా దుకాణంల ఫ్యానా?

మీరెన్నిసార్లు ఎక్కిన్రు? ఒక్కసారి సుత లేదా! మీ శ్రీలేఖ ఆఫీసు పని మీద నెలకు రెండుసార్లు ఎక్కుతదట, కిటికీ పక్క సీటే అడుగుతదట. పెండ్లిచూపులల్ల మావానికి తనే చెప్పింది.

ఏమట్ల చూస్తున్రు? నేను ఎక్కిన్నా అనా?

జెర దగ్గరికి రాండ్రి. ఇంట్ల సుత తెల్వదు. మావాడు కెప్టెన్ అయినంక మొదటి ట్రిప్పుకు నన్ను ఎక్కించిండు. కిటికీలకెళ్లి చూసిన. ఆగి ఉన్నది ఫ్యాన్. బతుకంత ఆగిన ఫ్యాన్లే చూసినోన్ని సార్, గని దాన్ని చూడంగనే భయమై బెల్టు ఇప్పేసిన! కడుపునొప్పి అని చెప్పి లేసిన. అప్పుడే వాడు మైకుల, "మా నాయిన ఎక్కిండు, నా చేతికి మొదాలు ఫ్యాన్ ఇచ్చింది ఆయ్ననే" అన్నడు. అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను మెట్లు దిగుతున్న.

వాడు మల్ల ఎన్నడు నన్ను ఎక్కుమని అడగలే.

వద్దంటే వద్దనుండ్రి సార్. గని జాతకాలు కలవలేదని చెప్పుండ్రి, ఫ్యాన్ ముచ్చట ఎత్తకుండ్రి. ఆ విమానం వద్దని వాని ముంగట దిగిపోయిన మొదటి మనిషిని నేనే.