కుడి వరుస, ఎడమ వరుస

అక్కా అనద్దు. ఆ పిలుపు బెంగుళూరులో పారేసి వచ్చినావు గదా, మళ్ళీ నా గడపలో ఏరుకోవద్దు.

కూర్చో కృష్ణా. ఆ స్టూలు మీద కాదు, దానిమీద ఊరోళ్ళ జాకెట్లు ఉండాయి, సాయంత్రానికి హుక్కులు కుట్టి ఇయ్యాల. మిషను పక్కన చాప ఉండాది సూడు. నాలుగేండ్లు నువ్వు కూర్చునింది దానిమీదనే.

మైసూరుపాకు తెచ్చినావా? పెట్టు. కుప్పం నుంచి పుంగనూరు దాకా ఒళ్ళో పెట్టుకొని వచ్చినట్టుండావు, ఒక మూల నలిగిపోయింది. సంచిలో దాని కింద ఏముండాది? చెప్పద్దులే, నాకు కండ్లుండాయి. చేపల కవర్లు, రబ్బరుబ్యాండ్లు చుట్టినవి. పైన మైసూరుపాకు, కింద కవర్లు. తప్పయిందని చెప్పేదానికి వచ్చినోడివి ఒట్టి చేతులతో తిరిగి పోయే ఆలోచనతో రాలేదన్నమాట.

ఏం, చెవులు రిక్కిస్తాండావు? ఏదో తక్కువైనట్టుందా ఇంట్లో? తర్వాత చెప్తా. ముందు నా మాట విను.

నీ వీడియో చూసినా. నాలుగు నిమిషాలది. మెడలో చేపల పోటీ పతకం, పక్కన అద్దాల తొట్టి, తొట్లో నా గుప్పీ చేపలు. దానిమ్మ గింజ రంగు తోక, అంబ్రెల్లా కట్ గౌను మాదిరి విచ్చుకొని. "ఈ జాతిని ఎనిమిదేండ్లు కష్టపడి నేనే తయారుచేసినా" అన్నావు. ఎనిమిదేండ్ల కింద నీకు గుప్పీకీ జిలేబీచేపకీ తేడా తెలుసునా నాయనా? సెల్‌ఫోన్లు రిపేరు చేసుకుంటాంటివి.

దాన్ని కూడా ఓర్చుకుందును. మైకు పట్టుకున్న పాప అడిగింది గదా, మీకు ఇంకెవరైనా సాయం చేసినారా అని. నువ్వు కొంచేపు ఆగినావు. ఆ కొంచేపు ఉండాది సూడు, దాంట్లో నేను ఎంత ఆశపడినానో నీకు తెలీదు. చేతిలో కత్తెర కింద పెట్టేసినా. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు నా పేరు చెప్తాడని.

"పుంగనూరులో ఒకామె ఉండాదండీ, నీళ్ళు మార్చేదానికి సాయం చేస్తాంటాది" అన్నావు.

ఒకామె. నీళ్ళు మార్చే ఆమె.

నిజమేలే. నీళ్ళు మార్చేది నీకు నేర్పించింది నేనే గదా. మొదటిసారి వచ్చినప్పుడు ఎట్లుంటివి? తొట్టి నీళ్ళన్నీ ఒకేసారి పారబోసి, కొళాయి నీళ్ళు పట్టి, పొద్దున్నే చచ్చిన చేపల్ని చేటలో ఏరుకునేవాడివి. మూడోవంతే మార్చాల, ముందురోజు పట్టి పెట్టిన నీళ్ళే పొయ్యాల అని చెప్పింది ఎవరు? ఈ బోరు నీళ్ళలో పప్పు ఉడకదని ఊరంతా ఏడుస్తాంటే, ఈ సున్నపు నీళ్ళే గుప్పీకి ప్రాణమని చెప్పింది ఎవరు?

నేను ఏడో తరగతితో నిలిచిపోయిన దాన్ని కృష్ణా. మదనపల్లిలో పాత పుస్తకాల అంగట్లో బీఎస్సీ జువాలజీ పుస్తకం దొరికితే, డిక్షనరీ పక్కన పెట్టుకొని, ఒక్కొక్క పేజీకి వారం పట్టేది. మిషను తొక్కతా చదివినా. మా ఆయన టమాటా మండీ నుంచి వచ్చి ఏమనేవాడో నీకు గుర్తుండాదా? "పులుసుకు రాని చేపకు ఇంత సేవ యాల? నాకు ఇంత చేసింటే నేనూ తోక పెంచుకుందును" అని. నువ్వే పడీపడీ నవ్వితివి. ఆ నవ్వు చూసి, ఈ పిల్లోడు మన ఇంటోడే అనుకుంటిని. నా బుద్ధి అంత.

సరే. ఇప్పుడు పిల్లలు ఎట్లుండాయి? నీ తొట్లలో పుట్టినవి.

తల దించుకోవద్దు. నాకు తెలుసు ఎట్లుండాయో. కొన్నిటికి రంగుండాది, తోక లేదు. కొన్నిటికి తోకుండాది, రంగు లేదు, నీళ్ళు కలిపిన పాల మాదిరి. కొన్నిటికి రెండూ లేవు, గుంటలో దోమపిల్లల్ని తినే చేపలకంటే కనాకష్టం. నలభైలో ఒకటో రెండో తల్లిదండ్రుల మాదిరి వచ్చింటాయి. వచ్చే నెల మళ్ళీ పోటీ ఉండాది, ఆడ నీ "జాతి" పిల్లల్ని చూపించమని అడిగింటారు. అందుకు గదా మైసూరుపాకు.

యాల అట్లయిందో చెప్తా విను. దాచుకొని నేనేం చేసుకోవాల?

నా వరండాలో ఎడమ పక్క ఒక తొట్ల వరుస, కుడి పక్క ఒక తొట్ల వరుస ఉండేవి. నాలుగేండ్లు నా ఇంట్లో తిరిగినావు, ఆ రెండు వరుసలు ఎప్పుడన్నా వంగి చూసినావా? ఎడమ వరుసలోవి ఎర్రగా ఉండేవి, తోక మాత్రం చిన్నది. కుడి వరుసలోవి తోక పెద్దది, రంగు వెలిసిపోయిన లంగా మాదిరి. రెండూ చూసేదానికి ఏమీ బాగుండవు. ఎడమదానికి ఎడమ వరుసలోనే జత, కుడిదానికి కుడి వరుసలోనే. పుట్టిన మూడు వారాల్లోపల భూతద్దం పెట్టి ఆడా మగా విడదీయాల. ఒక్కదినం ఏమరితే ఆడచేప తప్పుడు మగదాని విత్తు కడుపులో దాచుకొని ఆరునెల్లు పిల్లల్ని పెడతాది, వరుసంతా చెడిపోతాది. నేను ఏమరలేదు. మా అమ్మ పోయిన దినం కూడా దహనమైనాక వచ్చి, తలకు పోసుకొని, భూతద్దం పట్టుకున్నా.

ఆ ఎడమ ఆడదానికి, ఈ కుడి మగదానికి జత కట్టిస్తే పుట్టేవి నడిమి తొట్లోవి. నువ్వు కండ్లప్పగించి చూసేవి. పతకం తెచ్చినవి. అవి ఒక తరమే కృష్ణా. వాటికి వాటికి జత కలిపితే చెదిరిపోతాయి. ఆ అందం మళ్ళీ కావాలంటే మళ్ళీ ఈ రెండు వరుసల దగ్గరికి రావాల్సిందే.

నువ్వు అందమైనవాటిని ఎత్తుకొని పోతివి. వాటి తల్లుల్ని నువ్వు ఎప్పుడూ చూడనే లేదు.

ఎత్తుకొని పోయినావు అంటే నీకు కోపం వస్తాది. అవును, నేనే ఇస్తిని. మా అత్తకు మదనపల్లిలో కంటి ఆపరేషను ఆ వారమే పడింది, బెంగుళూరు పోటీకి నేను పోలేకపోతి. "నేను తీసుకుపోతా అక్కా, నీ పేరు మీదనే పెడతా" అంటివి. కవరులో గాలి పట్టించి, చీటీ నా చేతుల్తో రాసి అంటిస్తిని. "ఉషారాణి, పుంగనూరు." అక్షరాలు బాగుండాల అని మూడు చీట్లు చించేసి నాలుగోది అంటిస్తిని. ఆ చీటీ యాడ పీకినావు? బస్సులోనా? ఆడ పోయినాకనా? గోరుతో గీకినావా, నీళ్ళలో నానబెట్టి పద్ధతిగా తీసినావా?

వద్దులే. తెలుసుకొని ఏం చేస్తా.

ఏమంటాండావు? గట్టిగా చెప్పు. ఓ, ఈసారి నా పేరు చెప్తావా. స్టేజీ మీదనే చెప్తావా. రెండు వరుసల్లోనూ మూడేసి జతలు ఇస్తే చాలా. దండం పెట్టద్దు, చెయ్యి దించు. అత్త లోపల పడుకోనుండాది, లేచిందంటే నీకు కాఫీ ఇయ్యమంటాది. ఆమెకు ఏమీ తెలీదు, నువ్వంటే ఇప్పటికీ ప్రాణమే.

ఇందాక చెవులు రిక్కించినావు గదా. ఏం తక్కువైందో తెలిసిందా? తొట్లకు గాలి కొట్టే మోటారు చప్పుడు. ఎనిమిదేండ్లుగా ఈ ఇంట్లో గురగురమంటా ఉండేది. పో, వరండాలోకి పోయి చూసిరా. పో, చెప్పులు వేసుకొనే పో, ఆడ తడి కూడా లేదు.

చూసినావా?

బోర్లించిన తొట్లు. ఎడమ వరుస, కుడి వరుస, నడిమిది. అన్నీ కడిగి బోర్లించినా. ఒకదాన్ని మాత్రం అత్త తిప్పి ఉల్లిగడ్డలు పోసుకునింది.

ఎవురికీ ఇయ్యలేదు. అమ్మలేదు. కరెంటు పోయి చావలేదు. ఆ వీడియో చూసిన మర్నాడు మిట్టమధ్యాహ్నం, బకెట్లో పట్టి, ఇంటెనక మురుగుకాలవలో నేనే పోసేస్తిని. కుడీ ఎడమా అన్నీ కలిపి. ఆ కాలవలో దోమలకని వదిలిన నాటుగుప్పీలు వేలుండాయి. ఈపాటికి అన్నిటితోనూ కలిసిపోయింటాయి. ఇప్పుడు పోయి వల వేసినా, అప్పుడొకటి అప్పుడొకటి ఎర్రతోక కనిపిస్తాదేమో గానీ, వరుస దొరకదు. నీకూ దొరకదు, నాకూ దొరకదు.

యాల అంటే ఏం చెప్పేది? అవి బతికున్నన్ని దినాలూ నువ్వు ఏదో ఒక దినం ఇట్లా మైసూరుపాకు పట్టుకొని వస్తావని తెలుసు. నేను కరిగిపోతానని కూడా తెలుసు. మళ్ళీ నీళ్ళు మార్చే ఆమెనే అవుతాను. అది కాకూడదనుకుంటిని, అంతే. పోసేటప్పుడు చాలా గొప్ప పని చేస్తాండానని కూడా అనుకుంటిని.

నువ్వు చీటీ పీకినావు. నేను చేపనే పీకేస్తిని. మన ఇద్దర్లో ఎవురు ఎక్కువ చేసినారో ఈ ఊర్లో పంచాయితీ పెట్టేవాళ్ళు లేరు.

ఒకటి మాత్రం చెప్తా, ఇంతవరకు మా ఆయనకు కూడా చెప్పలేదు. తొట్టి మీద నా చెయ్యి కనిపిస్తే అవి తిండికని పైకి వచ్చేవి, నీకు తెలుసు గదా. మూతులు చాపుకొని, గుంపుగా. ఆ దినం మగ్గు ముంచినప్పుడు కూడా అట్లే వచ్చినాయి. ఒక్కటీ పారిపోలేదు. వల కూడా అక్కర లేకపాయె.

నేను నిన్ను నమ్మితిని, నిజమే. నన్ను అవి నమ్మినాయి. ఆ లెక్కలో నువ్వు యాడ నిలబడతావో నేనూ ఆడనే.

లే. వి.కోట మీదుగా పోయే బస్సు ఇంకో పది నిమిషాల్లో ఉండాది. ఆ కవర్లు మడిచి పెట్టుకో. మైసూరుపాకు అత్తకు ఇచ్చి పో, పాపం, ఆమెకు తీపంటే ఇష్టం. నాకు జాకెట్లుండాయి.