వదులు తీగలు

సరాతొవ్ టెన్నిస్ క్లబ్బు వెనకగదిలో మకార్ కూతురి రాకెట్టుకు మిషను మీద తీగలు బిగిస్తున్నాడు. కూతురు ఉల్యానా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ముందు ఆ మిషను ఆపు నాన్నా. చెప్పేది విను."

"ఇదొక్కటీ అయిపోనీ తల్లీ. సోమవారం కజాన్‌లో మ్యాచ్ పెట్టుకుని..."

"కజాన్ లేదు, ఏ ఊరూ లేదు. నేను ఆడటం మానేస్తున్నాను."

"మళ్ళీ మొదలెట్టావా! మీ అమ్మ క్యాబేజీ పిరోష్కీలు పంపింది. వేడిగా ఉన్నాయి, తిను. కడుపులో ఏదైనా పడితే అన్నీ సర్దుకుంటాయి."

"పొద్దున్నే ఫెడరేషన్ వాళ్ళకి ఉత్తరం పంపేశాను."

"ఎవర్నడిగి పంపావే?"

"ఎవర్నడగాలి? ఆరేళ్ళప్పుడు రాకెట్టు చేతికిచ్చావ్. ఇరవై రెండేళ్ళు ఆడాను. ఒకసారి ఎనభై నాలుగో ర్యాంకు, ఒకసారి పారిస్‌లో రెండు రౌండ్లు. చాల్లే."

"చాల్లే ఏంటి చాల్లే! ఇరవై ఎనిమిదేళ్ళకే..."

"నా చేతిలో ఆట పోయింది నాన్నా. గీత లోపల పడాల్సిన బంతి జానెడు బయట పడుతోంది. ఎప్పుడు చూడు జానెడే. ఈ చలికాలమంతా మొదటి రౌండ్లోనే ఇంటిదారి. పోయిన వారం ఓ పదహారేళ్ళ పిల్ల నన్ను ఓడించి, నన్ను చూసి జాలిపడింది. బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను, తెలుసా?"

"నీ చేతిలో ఆట ఎక్కడికీ పోలేదు."

"నీకేం తెలుసు? కోర్టులో నువ్వున్నావా?"

"పోలేదంటున్నాగా! ఉల్యా... ఇలా వచ్చి కూర్చో."

"కూర్చోను. చెప్పు."

"తీగలు... ఎంత బిగువు పెట్టమన్నావ్ నువ్వు?"

"ఇరవై ఐదు కిలోలు. ఎప్పుడూ అంతేగా. ఏం?"

"ఇప్పుడు ఇరవై ఒకటిలో ఉన్నాయి."

"ఏంటీ?"

"నీకు తెలీకుండా ఉండాలని ఒక్కసారే తగ్గించలేదు. అర కిలో, అర కిలో... ఆగస్టు నుంచీ. తీగ వదులైతే భుజానికి దెబ్బ తక్కువ. బంతి కాస్త దూరం పోతుంది, అంతే."

"అంతేనా? నాన్నా, అంతేనా?"

"డాక్టరు నన్ను పక్కకి పిలిచాడు. నీ భుజంలో కండరం సగం చిరిగింది, అది పూర్తిగా తెగిందంటే ఇంక ఆట మర్చిపోవాల్సిందే అన్నాడు. నీతో చెప్తే వింటావా? జగమొండివి."

"టోర్నమెంటు వాళ్ళు బిగిస్తామన్నా ఇవ్వలేదు నేను. ఇంకొకళ్ళని ముట్టుకోనివ్వలేదు. మా నాన్న లెక్క తప్పడని అందరి దగ్గరా గొప్పలు పోయాను."

"తిట్టు, కొట్టు, ఏమైనా చెయ్. ఆ ఉత్తరం మాత్రం వెనక్కి తీసుకో. ఇప్పుడే అన్నీ ఇరవై ఐదులో బిగించేస్తాను. తప్పు నాది, నీ చేతిది కాదు. నీ ఆట నీ దగ్గరే ఉంది తల్లీ."

"బంతి లోపల ఎందుకు పడట్లేదో తెలీక నేనేం చేశానో అడగవేం?"

"ఏం చేశావ్?"

"రోజూ అందరూ వెళ్ళిపోయాక, ఒక్కదాన్నే ఇంకో మూడొందల సర్వీసులు కొట్టాను."

"ఆ భుజంతోనా? పిచ్చిదానా, నాకు ఒక్క ముక్క చెప్పలేదే!"

"నువ్వు చెప్పావా?"

"ఉల్యా..."

"మొన్న గురువారం, రెండొందలు దాటాక, భుజంలో ఆ కండరం తెగిపోయింది నాన్నా."